డ్రిల్లు సారు గేరు సైకిలు

పోయిన నెల ఆఫీసు పని మీద సూర్యాపేట వెళ్లాను. బస్సు దిగి నడుస్తుంటే కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో ఆయన కనిపించాడు. పైన శ్రద్ధాంజలి అని, కింద పూర్వ విద్యార్థులు అని ఉంది. ఫొటోలో ఆయన కొంచెం పక్కకు ఒరిగి నిలబడ్డాడు. కుడిచెయ్యి దేన్నో పట్టుకుని ఉంది గానీ, ఆ పట్టుకున్నది ఫొటోలో లేకుండా కత్తిరించేశారు. తెలియనివాళ్లకు గాలిని పట్టుకుని నిలబడ్డ మనిషిలా ఉంటాడు. అక్కడ ఉండాల్సింది ఒక పాత గేరు సైకిలు హ్యాండిలని నాకు తెలుసు. తన ముఖాన్ని ఇంత పెద్దది చేసి రోడ్డు మీద కట్టారని తెలిస్తే ఆయన తువ్వాలు కప్పుకుని వెనక గల్లీలోంచి వెళ్లిపోయేవాడు.

పని మానుకుని వాళ్లింటికి వెళ్లాను. మిర్యాలగూడకు బదిలీ కాకముందు నేను కొన్నేళ్లు ఆ ఇంట్లోనే, పై పోర్షన్‌లో కిరాయికి ఉన్నాను. ఆయన భార్యను అక్కా అని పిలిచేదాన్ని. నిద్రలోనే గుండె ఆగిపోయిందని అక్క చెప్పింది. ఏడవలేదు. టీ పెట్టి ఇచ్చింది. నేను అప్పుడప్పుడు పత్రికలకు రాస్తానని ఆమెకు తెలుసు. లేచి వస్తుంటే అంది:

"రాస్తె తాగిన సంగతి గూడ రాయి చెల్లె. అది దాచిపెట్టి మంచోడు మంచోడు అని రాసినవంటే ఆయనకే సిగ్గు."

అందుకని ఆ సంగతి కూడా రాస్తున్నాను.

ఆయన సర్కారు బడిలో డ్రిల్లు సారు. నేను ఆ ఇంట్లో దిగిన కొత్తలో ఆయన గొంతు వీధి మలుపు నుంచే వినబడేది. ఆయనకు ఇష్టమైన మాట ఒకటే, సీదా. పిల్లలు సీదా నిలబడాలి. బట్టలు ఆరేసే తీగ సీదా ఉండాలి. నేను నా గుమ్మం ముందు వేసిన ముగ్గు చూసి, "జర వంకరొచ్చింది, సీదా గియ్యాలె" అని చెప్పి దిగిపోయిన మనిషి. మెడలో ఎప్పుడూ ఈల వేలాడేది. మలుపు దగ్గర బండి హారన్ కొట్టకుండా ఈల ఊదేవాడు. వీధిలో ఆడుకునే పిల్లలు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయేవాళ్లు. అది చూసి నవ్వుకుంటూ వెళ్లేవాడు.

తాగేవాడు. రోజూ కాదు. ఆదివారాలు, పెళ్లిళ్లు, బడికి సెలవొచ్చిన దినాలు. దాన్ని దాచేవాడు కాదు, పైగా గొప్పగా చెప్పుకునేవాడు. ఎంత తాగినా తన బండి రోడ్డు మీది తెల్లగీత దాటదని నాతోనే చాలాసార్లు అన్నాడు. అక్క ఆ మాట వచ్చినప్పుడల్లా లోపలికి వెళ్లిపోయేది.

ఒక ఎండాకాలం మాడుగులపల్లిలో చుట్టాల పెళ్లి ఉంటే ఇద్దరూ బండి మీద వెళ్లారు. యాసంగి వడ్లు కోసిన రోజులవి. రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఎండబోసి, వాహనాలు ఎక్కకుండా అంచున రాళ్లు పేర్చి ఉన్నాయి. భోజనాలయ్యాక తిరిగి వస్తూ ఊరు దాటగానే ఆయన ఆ రాళ్లకు గుద్ది వడ్ల మీదికి పోయాడు. ఆయనకు మోచేతులు గీరుకుపోయాయి. అక్కకు తుంటి ఎముక విరిగింది.

మర్నాడు నేను మిర్యాలగూడ దవాఖానకు వెళ్లేసరికి మంచం చుట్టూ చుట్టాలున్నారు. ఆయన మధ్యలో నిలబడి ఎలా జరిగిందో చెబుతున్నాడు. రోడ్డు మొత్తం వడ్లేనని, రాళ్లు కనబడకుండా పెట్టారని, ఎంత మంచి డ్రైవరైనా పడాల్సిందేనని చెబుతున్నాడు. వడ్లు పోసినవాడి మీద కేసు పెట్టాలని, ఆపరేషన్ ఖర్చు వాడితోనే కట్టించాలని ఎవరో అన్నారు. ఆయన పెద్దమనిషి తరహాలో చెయ్యి ఊపి, చూద్దాం అన్నాడు.

అప్పుడే ఒక ముసలాయన గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో అరటిపండ్ల కవరు. తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. ఎవరు ఏమిటి అని అడిగేలోపే వచ్చి సారు కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"వడ్లు నాయే సారూ. కల్లంల జాగ లేక రోడ్డు మీద పోసిన. తప్పయింది. కేసు మాత్రం పెట్టకుండ్రి."

సారు ఆయన్ని లెమ్మనైనా అనలేదు. గదిలో అందరూ ఆ ముసలాయన్ని చూస్తున్నారు. నేను అక్కను చూస్తున్నాను. రాత్రంతా నొప్పితో నిద్రలేని ముఖం. మాట్లాడితే కదలాల్సి వస్తుందని పొద్దుటి నుంచి పెదవి విప్పలేదట. ఆమె తల తిప్పింది.

"నీ వడ్లది తప్పు కాదు పెద్దయ్యా. లే. ఈయన తాగి నడిపిండు. నేను వద్దంటనే ఉన్న."

చుట్టాలు గోడలు చూశారు, సెలైన్ సీసా చూశారు. ఆయన మెడ వంగడం నేను చూశాను. అది మళ్లీ పూర్తిగా లేవలేదు. నాకే అక్కడ నిలబడటానికి సిగ్గేసింది. ఒక మనిషి అంత చిన్నబోతుంటే కళ్లప్పగించి చూడటం కూడా సిగ్గుపడాల్సిన పనే.

అయితే ముసలాయన ఆమె మాట నమ్మలేదు. కళ్లు తుడుచుకుంటూ లేచి, "నువ్వు దొడ్డదానివి బిడ్డా, నన్ను కాపాడనీకి తప్పు ఇంటాయన మీదేస్తున్నవ్" అన్నాడు. పండ్లు మంచం మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ పండ్లు ఎవరూ తినలేదు.

ఆపరేషన్‌కు బండి అమ్మేశారు. ఇంటికొచ్చాక అక్క ఆయనకు వండిపెట్టింది, మాట్లాడింది, కోపం చూపించలేదు. ఒక్కసారి మాత్రం, ఎవరిదో స్కూటర్ తెచ్చి దవాఖానకు తీసుకెళతానని ఆయన అంటే, కూరగాయలు తరుగుతున్న చెయ్యి ఆపకుండానే చెప్పింది, నువ్వు నడిపే దేని మీదా నేను ఎక్కనని. ఆ తర్వాత ఆ ఇంట్లో తాగుడు మాట వినబడలేదు. మానేస్తున్నానని ఆయన ఎవరికీ చెప్పలేదు, మానేశాడంతే.

ఈల కూడా మానేశాడు. మైదానంలో పిల్లల్ని చప్పట్లు కొట్టి పిలుస్తున్నాడని విని, ఎందుకు సార్ అని అడిగాను. "ఈల ఊదాలంటే తల ఎత్తాలె గదమ్మా" అన్నాడు.

బడికి మొదట్లో ఆటోలో వెళ్లేవాడు. ఆటోలో తెలిసినవాళ్లు అక్క ఎలా ఉందని అడిగేవాళ్లు. అంతటితో ఆగక, ఆ వడ్లాయన మీద కేసు పెట్టారా అని కూడా అడిగేవాళ్లు. తాను మొదట చెప్పిన కథ ఊరంతా పాకింది. నిజం దవాఖాన గదిలోనే ఉండిపోయింది. ఆయన కాదని చెప్పలేక, అవునని చెప్పలేక మధ్యలోనే దిగి నడిచేవాడు. అప్పుడు మెట్ల కింద పడి ఉన్న గేరు సైకిలు బయటికి తీశాడు.

అది వాళ్లబ్బాయి ఇంటర్‌లో తొక్కింది. అబ్బాయి హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాక దాన్ని ముట్టినవాళ్లు లేరు. కొండలెక్కే సైకిళ్లని అమ్ముతారే, ఆ రకం. బురద టైర్ల గుబ్బలు ఎండి పగిలిపోయాయి. ముందరి స్ప్రింగులు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. గేర్లలో ఒక్కటి మాత్రం పడేది, అదీ ఏది పడాలో అదే నిర్ణయించుకునేది. అంత బరువైన సైకిలు నేనెప్పుడూ చూడలేదు. దాని మీద మొదటి రోజు బడికి వెళ్లి వచ్చి, గేటు పట్టుకుని చాలాసేపు ఒగర్చాడు.

అక్క మందులకే జీతం సరిపోని కాలం. కొత్త సైకిలు కొనే మాట లేదు. ఫోన్‌లో వీడియోలు చూసి తానే మొదలుపెట్టాడు. ఆదివారం పొద్దున పెరట్లో గోనెసంచి పరిచి, సైకిలును తలకిందులుగా నిలబెట్టేవాడు. గొలుసును కిరోసిన్‌లో నానబెట్టి చూశాడు. అరిగిపోయిందని తేలాక గొలుసు, వెనక గేర్ల పళ్లచక్రాలు మాత్రం కొత్తవి వేశాడు. పెడళ్ల దగ్గర మూడు పళ్లచక్రాలుంటే రెండు తీసేశాడు. మన రోడ్లకు ఒకటి చాలు, ఉన్నకొద్దీ బరువే, ఉన్నకొద్దీ రిపేరే అన్నాడు. గుబ్బల టైర్లు పోయి నున్నటివి వచ్చాయి. హ్యాండిలు పిడులు చినిగితే పాత ట్యూబు కోసి చుట్టాడు.

చక్రం సొట్టలు తీసేటప్పుడు ఆయన్ని చూడాలి. చక్రాన్ని గిర్రున తిప్పి, కన్ను దగ్గర పెట్టి, బ్రేకు రబ్బరుకు ఎక్కడ తగులుతుందో వినేవాడు. ఒక చువ్వ బిగించి, ఇంకోటి వదులు చేసి, మళ్లీ తిప్పేవాడు. నేను మెట్లు దిగుతుంటే పిలిచి, "సీదా అయిందా అమ్మా? నా కన్ను నమ్మబుద్ధి కాదు" అని అడిగేవాడు. ఒకప్పుడు నా ముగ్గుకు వంక పెట్టిన మనిషి. నాకు చక్రం సంగతి ఏమీ తెలియదు. అయిందనేదాన్ని. అయినా ఇంకోసారి తిప్పేవాడు.

అప్పుడు నా ఆఫీసు కోదాడలో, రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. ఒక సాయంత్రం ఆయన మెట్ల దగ్గర నిలబడి, ఎంతసేపటికీ విషయం చెప్పకుండా, చివరికి అడిగాడు. కోదాడ పాత సామాన్ల దుకాణంలో ముందు చక్రం పట్టుకునే మామూలు ఇనుప కర్ర, స్ప్రింగులు లేనిది, ఉందని ఫోన్‌లో తెలుసుకున్నాడట. తాను వెళ్లొచ్చు గానీ, ఆ బస్సులో బడి పిల్లల తల్లిదండ్రులు ఉంటారని ఆగిపోయాడు. సరే తెస్తానన్నాను.

దుకాణం ఆయన దాన్ని చేతికిస్తూ, "ఏమండీ, ఇది మీరు బస్సులో ఎట్టా తీసుకెళతారండీ? జనానికి గుచ్చుకుంటది, జాగ్రత్త" అని గోనెసంచి చుట్టి ఇచ్చాడు. రెండు కాళ్లున్న ఆ ఇనుప వస్తువును ఒళ్లో పెట్టుకుని సూర్యాపేట దాకా వచ్చాను. పక్కన కూర్చున్నామె ఇది పశువులకు కట్టేదా అని అడిగింది. సారు గేటు దగ్గరే ఎదురుచూస్తున్నాడు. దాన్ని రెండు చేతులా అందుకుని, నా ముఖం చూడకుండా, "నా పనికి మీరు సిగ్గుపడాల్సొచ్చింది" అన్నాడు. నేను సిగ్గుపడలేదని చెప్పాను. ఆయన నమ్మలేదు.

అది బిగించాక సైకిలు నిజంగానే తేలికైంది. గల్లీ చివరి ఎత్తును కూర్చునే ఎక్కేవాడు. నాకు ముచ్చటేసింది. ఇక పని అయిపోయిందనుకున్నాను. కానీ ఆ తర్వాతి వారం పాలమ్మే ఆయన పారేసిన ఒక క్యారియర్ పట్టుకొచ్చాడు. ఆ రకం సైకిలుకు క్యారియర్ పెట్టే చోటే ఉండదు. వెల్డింగు చేయించి, పట్టీలు వేసి బిగించాడు. మీదికి పాత స్కూటర్ సీటులోని స్పంజి కోసి, రెగ్జిన్‌తో కుట్టించాడు. ఎడమపక్క కింద కాలు పెట్టుకోవడానికి వెడల్పాటి ఇనుప పలక పెట్టించాడు. అప్పుడు అర్థమైంది నాకు. అక్కకు కూడా అర్థమై ఉంటుంది. ఆయన ఆమెను ఎక్కమని అడగలేదు. ఆమె ఎక్కనని చెప్పలేదు. గడపలో చేతికర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చుని చూస్తుండేది.

క్యారియర్ మీద బియ్యం బస్తా కట్టుకుని వెనక గల్లీలో తిరగడం మొదలుపెట్టాడు. మెల్లగా, పక్కకు తూగకుండా, గుంత వస్తే దిగి నడిపిస్తూ. ఎవరైనా ఎదురైతే తల దించేసుకునేవాడు. బియ్యం షికారుకు పోతున్నాయని గల్లీవాళ్లు నవ్వుకున్నారు. ఒక ఆదివారం బస్తాతో తిరిగి వచ్చి స్టాండు వేస్తుంటే, నేను అక్క పక్కన కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తున్నాను. అక్క ఆయనతో అంది:

"నన్ను ఎక్కిచ్చుకునేది తర్వాత. ఆ ముసలాయన దగ్గరికి పోయినవా?"

ఆయన తాడు విప్పుతూ ఆగిపోయాడు.

"నువ్వు చెప్పినవ్ గదా ఆయనకు" అన్నాడు.

"నేను చెప్తె నమ్మలే. నీ నోటితోని చెప్పాలె."

ఆ తర్వాతి సెలవు రోజు తెల్లవారకముందే గేటు చప్పుడైంది. ఎక్కడికి వెళ్లాడో అక్క చెప్పలేదు. బస్సు ఉండగా మాడుగులపల్లికి సైకిలు మీద వెళ్లాడని సాయంత్రానికి గానీ నాకు తెలియలేదు. దీపాలు పెట్టే వేళకు తిరిగి వచ్చాడు. కాళ్లు పట్టేసి, నల్లా దగ్గర గట్టు మీద కూలబడ్డాడు. ముఖమంతా దుమ్ము. అక్క నీళ్లిచ్చింది. నేను పైకి వెళ్లబోతే, "ఉండు చెల్లె, నువ్వు దవాఖానల ఉన్నవ్ గదా, ఇది గూడ విను" అంది.

ఆయన నేల చూస్తూ చెప్పాడు. ముసలాయన ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ఆరా తీయగానే, సూర్యాపేట సారును పడేసిన వడ్లాయన ఇల్లా అని ఊళ్లోవాళ్లే చూపించారు. ప్రమాదం జరిగిన రోజే ఊరివాళ్లు ఆయనతో వడ్లు రోడ్డు మీది నుంచి ఎత్తించారట. పొలంలో కుప్ప పోసుకుంటే ఆ వారమే అకాల వాన పడి మొలకలొచ్చాయి. తేమ ఉందని కొనుగోలు కేంద్రంలో తీసుకోలేదు. ఆడమనిషి కాలు విరగ్గొట్టినందుకు తగిలిన పాపమని ఇంట్లోవాళ్లే అన్నారట. ముసలాయన కూడా అదే అనుకున్నాడట.

సారు జరిగింది జరిగినట్టు చెప్పాడు. తాగానని, రాళ్లు దూరం నుంచే కనబడ్డాయని, పక్కనుంచి పోగలననుకున్నానని చెప్పాడు. ముసలాయన తిట్టలేదు. లేచి, చెప్పులు వేసుకుని, తనతో రమ్మన్నాడు.

"సెంటర్ల చాయ్ హోటల్ కాడికి తీస్కపోయిండు. 'నాకు చెప్తె ఏమొస్తది సారూ, గీడ అందరి ముందల చెప్పు' అన్నడు. చెప్పిన."

అక్కడ కూర్చున్నవాళ్లలో ఒకడు నవ్వాడట. ఇంకొకడు, బడిపంతులు గిట్ల చేస్తే పిల్లలకేం చెప్తాడని అన్నాడట. ఎవరో చాయ్ తెచ్చి చేతిలో పెట్టారు. ముసలాయన తాను తాగలేదు. సారు తాగేదాకా కూడా ఆగలేదు. తలపాగా చుట్టుకుని వెళ్లిపోయాడు.

"మాఫ్ జేసిన అన్లేదు" అన్నాడు సారు.

"ఎందుకంటడు?" అంది అక్క. మాటలో కోపం లేదు. ఆయన దగ్గరి నుంచి గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లి అన్నం వడ్డించింది.

కొన్నాళ్లకు ఒక పొద్దున, దవాఖానకు వెళ్లాల్సిన రోజు, ఆయన ఆటో కోసం ఫోన్ తీశాడు. అక్క వద్దంది. చేతికర్ర నాకిచ్చి, నా భుజం పట్టుకుని అరుగు మెట్లు దిగింది. క్యారియర్ దగ్గరికి వెళ్లి, స్పంజిని చేత్తో నొక్కి చూసి, పక్కకు తిరిగి కూర్చుంది. ఎడమకాలు పలక మీద సరిగ్గా ఆనింది. ఆయన సైకిలును రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తర్వాత అలవాటుగా వెనక గల్లీ వైపు తిప్పాడు.

"అటు కాదు. పెద్ద బజారు దిక్కు తిప్పు" అంది అక్క.

"అటు మంది ఉంటరు."

"ఉండనీ."

సైకిలును నడిపించుకుంటూ బయల్దేరాడు. నేను చేతికర్ర పట్టుకుని వెనకే నడిచాను. బడికి పోయే పిల్లలు ఆగి నమస్తే సార్ అన్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. దుకాణాల ముందు ఊడుస్తున్నవాళ్లు చీపుళ్లు ఆపి చూశారు. కొంతదూరం పోయాక అక్క తొక్కమంది. తొక్కలేనన్నాడు.

"అన్ని బాగు చేసినవ్ గదా. ఇంకేం భయం?"

"సైకిల్ మీద నమ్మకం ఉన్నది. నా మీదనే లేదు."

అక్క నాకు వినబడేంత మామూలుగా అంది:

"నాకు గూడ లేదు. అయినా ఎక్కిన గద. తొక్కు."

ఆయన కాలు ముందునుంచి దాటించి సీటు మీద కూర్చున్నాడు. సైకిలు ఒకసారి ఊగింది. అక్క కళ్లు మూసుకుంది. తేలిక గేరు పడిన చప్పుడు వినిపించింది, గొలుసు పట్టుకుంది, చక్రం కదిలింది. నడిచేవాళ్ల కంటే కొంచెమే వేగంగా, రోడ్డు అంచునే, ఆటోలన్నీ దాటిపోతుంటే వాళ్లిద్దరూ వెళ్లారు. మలుపు తిరిగేదాకా నిలబడి చూశాను. అక్క చెయ్యి ఆయన చొక్కాను పట్టుకోలేదు. కింద క్యారియర్ ఇనుప చువ్వనే గట్టిగా పట్టుకుని ఉంది. కానీ దిగలేదు.